ఖాజా మియా ప్రాచీన సన్నాయి

రెండువేల ఆరు జులైలో ప్రభుత్వ రేడియో కేంద్రంలో నన్ను నాటకాల విభాగం నుంచి జానపద విభాగానికి మార్చారు. అప్పటికి నేను ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్‌ని. బయట ఈ హోదా చెబితే ఏదో పెద్ద కంపెనీ ఉద్యోగం అనుకునేవారు. కార్యక్రమం తయారు చేయడం, కళాకారుల్ని పిలవడం, వాళ్లు రాకపోతే స్టేషన్ డైరెక్టర్ చేత తిట్లు తినడం నా పని. కొత్త విభాగంలో అందుకున్న మొదటి ఉత్తర్వు ఒక్క వాక్యం: నగరం విస్తరిస్తున్నందున రంగారెడ్డి జిల్లాలోని శుద్ధ సంప్రదాయ సన్నాయి మేళాలను అంతరించకముందే రికార్డు చేయవలెను. 'శుద్ధ' కింద డైరెక్టర్ గారు ఎర్ర సిరాతో గీత కూడా గీశారు. నెయ్యి విషయంలో ఆ మాటకు అర్థం నాకు తెలుసు. సన్నాయిని ఎలా పరీక్షించాలో ఉత్తర్వులో లేదు.

విచారిస్తే అందరూ ఇబ్రహీంపట్నం ఖాజా మియా పేరే చెప్పారు. అరవై దాటిన మనిషి. తాతల కాలం నుంచి ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లకూ ఉత్సవాలకూ ఆ ఇంటివాళ్లదే సన్నాయి. డోలు వాయించేది ఆయన తమ్ముడి కొడుకు జానీ, ముప్పై ఏళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి.

వాళ్ల ఇల్లు బస్సు డిపో వెనక. అక్కడ మైకు పెడితే డ్రైవర్ల హారన్లే రికార్డవుతాయి. చెరువు కట్ట మీదికి వెళితే గాలి మైకులో దూరింది. చివరికి ఖాజా మియానే దారి చూపించాడు. సాగర్ రోడ్డు మీద ఒక ప్లాట్ల వెంచర్‌లో, కొనేవాళ్లకు చూపించడానికి కట్టిన మోడల్ హౌస్ ఉంది. ఆ వెంచర్ ప్రారంభానికి వాయించింది ఆయనే కనక వాచ్‌మన్ తాళం తీశాడు. లోపల పరదాలు, సోఫాలు, గోడ గడియారం అన్నీ ఉన్నాయి, మనుషులు తప్ప. మా స్టూడియో కన్నా నిశ్శబ్దంగా ఉంది.

ఖాజా మియా మొదట ఒక కొత్త సినిమా పాట వాయించాడు. నేను చెయ్యెత్తి ఆపాను. రెండోది కూడా సినిమాదే, కాకపోతే కాస్త పాతది.

"సినిమా పాటలు వద్దండీ. పాతవి కావాలి," అన్నాను.

"ఇది పాతదే మేడం. ఈ పాట మీద పెండ్లైనోళ్లకు మనుమలు పుట్టిన్రు."

"అంతకన్నా పాతవి. మీ చిన్నప్పుడు విన్నవి."

ఆయన కాసేపు ఆలోచించి, సన్నాయి పీకను తడుపుకుని ఇంకొకటి అందుకున్నాడు. తొమ్మిది నిమిషాలు వాయించాడు. మెల్లగా మొదలై, మూడు చోట్ల మలుపు తిరిగి, ఎక్కడికి పోతుందో తెలియనివ్వలేదు. రికార్డరు మీటరు ముల్లు చూడటం మరచిపోయాను. మా ఉద్యోగంలో అది తప్పు.

"ఇది ఎప్పటిదండీ?"

"చిన్నగున్నప్పటి సంది ఇంటున్న. రోజూ పొద్దుగాల వచ్చేది."

ఎక్కడి నుంచి వచ్చేదో నేను అడగలేదు. జానీ తల వంచుకుని నవ్వుతున్నాడు. వినయం అనుకున్నాను.

ప్రసారానికి ముందు అనౌన్సర్ చదివే కాగితాన్ని క్యూ షీట్ అంటారు. అందులో "తరతరాలుగా ఈ ప్రాంతపు ప్రభాత సేవల్లో వినిపిస్తున్న ప్రాచీన బాణీ" అని రాశాను. డైరెక్టర్ గారు చదివి సంతోషించి, 'తరతరాలుగా' కొట్టేసి 'శతాబ్దాలుగా' చేశారు. ఖాజా మియాను ఆడిషన్‌కు పిలవమన్నారు. ఆడిషన్‌లో నెగ్గి గ్రేడు తెచ్చుకున్నవాళ్లనే మేము మళ్ళీ మళ్ళీ పిలవగలం. 'రేడియో ఆర్టిస్ట్' అనిపించుకోవాలని ఖాజా మియాకు ఇరవై ఏళ్ల కోరిక. చెప్పగానే కొత్త లాల్చీ కుట్టించుకున్నాడని తర్వాత తెలిసింది.

ప్రసారమైన మూడో రోజు సూర్యం గారు కర్ర పట్టుకుని నా గదికి వచ్చారు. మా కేంద్రంలో క్లారినెట్ వాయించి రిటైరైన నిలయ విద్వాంసుడు. కూర్చోకుండానే అన్నారు: "నాకింకా ఎనభై నిండలేదమ్మాయ్. అప్పుడే శతాబ్దాలు అంటావేమిటి?"

నాకు అర్థం కాలేదు.

"అది నా ఫిల్లర్."

ఒక కార్యక్రమం ముందే ముగిసిపోతే తర్వాతి దాని సమయం వరకూ వేసే చిన్న సంగీతం ముక్కను ఫిల్లర్ అంటాం. పొద్దున రైతుల కోసం ప్రసంగం చదివే అధికారి ఒకాయన ఊపిరి తీసుకోకుండా చదివేసి రోజూ నిమిషం మిగిల్చేవాడట. ఆ నిమిషం కోసం సూర్యం గారు అరగంటలో కట్టిన వరస అది. టేపుల లైబ్రరీలో వెతికించాను. ఒక నిమిషం పది సెకన్లు. డబ్బా మీద ఆయన సంతకం ఉంది.

డైరెక్టర్ గారు మండిపడ్డారు. మోసం కనక ఆడిషన్ రద్దు చేయమన్నారు.

"ఆయన మోసం చేయలేదండీ. నేనే సరిగా అడగలేదు," అన్నాను.

"అయితే నీ పేరు మీద రాయనా?" అన్నారు.

పదోన్నతుల జాబితా ఆ నెలలోనే తయారవుతోంది. నేను నోరు మూసుకున్నాను. రెండు రోజుల గడువు మాత్రం అడిగాను.

ఇబ్రహీంపట్నం బయల్దేరుతుంటే సూర్యం గారు తానూ వస్తానని జీపెక్కి కూర్చున్నారు. విషయం విని ఖాజా మియా ముఖం ఎర్రబడింది.

"నేను అబద్ధం చెప్పలే మేడం. ఏడ విన్నవ్ అని నువ్వు అడగకపోతివి. పంచాయితీ ఆఫీసు మీద రేడియోకు కట్టిన మైకు భోంగా ఉండె. పొద్దుగాల పంటల ముచ్చట ఒడిసినంక గిది వచ్చేది. మా బాపు కొట్టి నేర్పినయి మస్తున్నయి. ఇదొక్కటే నాకు నేను నేర్చుకున్న."

సూర్యం గారు అడిగారు: "నేను కట్టింది నిమిషమే కదయ్యా. తక్కిన ఎనిమిదీ ఎక్కడివి?"

"మీరు ఊకె మధ్యల ఆపెటోళ్లు సార్. నాకు మనసున పట్టకపోయేది. మిగిలింది నేనే వాయించుకుంట పోయిన."

సూర్యం గారు కొంచెం సిగ్గుపడుతూ, ఆ వరసలో ఎత్తుగడ తనది కాదన్నారు. బందరు దగ్గర వాళ్ల ఊళ్లో చిన్నప్పుడు పెళ్లి ఊరేగింపు వెంట నడుస్తూ విన్న సన్నాయి నుంచి తీసుకున్నారట. వాయించినాయన పేరు కూడా తెలియదన్నారు. ఖాజా మియా పగలబడి నవ్వాడు. "అయితే మనిద్దరం దొంగలమే!" సూర్యం గారు ఒప్పుకున్నారు. నేను ఈ మాటలు రాసుకుంటుంటే నా వైపు చూసి ఇద్దరూ మళ్ళీ నవ్వారు.

అప్పుడు జానీ జేబులోంచి ఫోన్ తీశాడు. "ఇప్పుడు తొమ్మిది నిమిషాలు ఎవరింటరు సార్? పెండ్లిల డీజే వచ్చేదాక అర నిమిషం. ఫోన్ మోగితే ఎత్తేదాక అంతే." పెదనాన్న సన్నాయిని అర నిమిషానికి కత్తిరించి, కింద కీబోర్డు దరువు వేసి అప్పటికే రింగ్‌టోన్ చేసిపెట్టుకున్నాడు.

"కోడిని కోసినట్టు కోసిండు," అన్నాడు ఖాజా మియా.

సూర్యం గారు దాన్ని మూడుసార్లు వేయించుకుని విన్నారు. "కోస్తే కోశాడు కానీ చోటు తప్పాడు. ఇంకో రెండు స్వరాలు పోనిచ్చి ఆపు. అప్పుడు మోగుతూ మోగుతూ మళ్ళీ మొదటికి అతుకుతుంది." జానీ అక్కడే సరిచేశాడు. అతికింది. పెదనాన్న చూడనట్టు కూర్చున్నాడు గానీ తల మాత్రం దరువుకు ఊగింది.

తిరిగొచ్చి నివేదిక రాశాను. తప్పు కళాకారుడిది కాదనీ, అడగాల్సిన ప్రశ్న అడగకుండా క్యూ షీట్ రాసింది నేననీ. డైరెక్టర్ గారు సంతకం పెట్టి పక్కన పడేశారు, ఆడిషన్ రద్దు మాట మళ్ళీ ఎత్తలేదు. సవరించిన క్యూ షీట్‌తో అదే టేపు మళ్ళీ ప్రసారం చేశాం. ఈసారి సూర్యం గారి పేరూ, పంచాయతీ ఆఫీసు మీది రేడియో సంగతీ చెప్పించాను. ఆ ఏడు పదోన్నతి జాబితాలో నా పేరు లేదు.

ఆడిషన్ జరిగింది. కళాకారుడు తెర అవతల, కమిటీ ఇవతల. పేరు ఉండదు, నంబరే. ఖాజా మియా మొత్తం తొమ్మిది నిమిషాలూ వాయించాడు. కమిటీ "శైలి మిశ్రమం" అని రాసి బి గ్రేడు ఇచ్చింది. మా దగ్గర అదే అట్టడుగు మెట్టు. ఆయనకు అది చాలు. డోలు మీద 'రేడియో ఆర్టిస్ట్' అని పెయింటు వేయించాడు.

ఆ పెళ్లిళ్ల సీజనుకు డిపోలో కండక్టర్ల ఫోన్లన్నీ జానీ రింగ్‌టోన్‌తో మోగేవి. పెళ్లివారు వచ్చి ఫోన్‌లో మోగే పాట సన్నాయి మీద వాయించమని అడగడం మొదలుపెట్టారు. ఖాజా మియా అర నిమిషంతో మొదలుపెట్టేవాడు. జనం కదలకపోతే ముందుకు పోయేవాడు.

అప్పటిదాకా మా కళాకారుల ఫారంలో "ఎవరి వద్ద నేర్చుకున్నారు" అనే ప్రశ్న ఒక్కటే ఉండేది. దానికి అందరూ తండ్రి పేరో గురువు పేరో రాసేవారు. నేను దాని కింద చేత్తో ఇంకో రెండు రాయడం మొదలుపెట్టాను: చిన్నప్పుడు మీ వీధిలో ఏం మోగేది? ఇప్పుడు మీరు వాయిస్తుంటే వినేవాళ్లు ఎంతసేపు నిలబడుతున్నారు? రిటైరయ్యేవరకూ ఏ మేళాన్ని రికార్డు చేసినా ఈ రెంటికీ జవాబు దొరికాకే క్యూ షీట్ రాశాను.