మంగళవారం విమానం

కౌశిక్ కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఉంటాడు. సరుకుల విమానాలు నడిపే ఓ అలాస్కా కంపెనీకి ఇంట్లోంచే షెడ్యూళ్లు వేస్తాడు. రోడ్డన్నది లేని ఆర్కిటిక్ ఊళ్లకు పాలూ, పిండీ, మందులూ చేరేది ఆ విమానాల్లోనే. పార్టీల్లో ఉద్యోగం గురించి ఎవరడిగినా "ఆర్కిటిక్‌కి అన్నం పెడుతున్నాను" అనేవాడు. అప్పటికి అతను చూసిన మంచల్లా సెలవుల్లో షికారుకెళ్లిన లేక్ టాహోలోదే.

పోయినేడాది ఓ చిన్న ఊరికి వెళ్లే మంగళవారం విమానం సగం ఖాళీగా తిరుగుతోందని కనిపెట్టి తీసేశాడు. ఇక మిగిలింది శుక్రవారం విమానమొక్కటే. పైవాళ్లు మెచ్చుకుని, కస్టమర్లను కలిసి రమ్మని మార్చిలో ఆ ఊరికే పంపారు.

శుక్రవారం విమానంలో దిగి, అది సరుకులు దించి వెనక్కెళ్లేలోగా పని ముగించవచ్చనుకున్నాడు కౌశిక్. కుక్కలతో, మంచుతో, పిల్లలతో ఫొటోలు దిగుతుండగా గాలి ముదిరింది. పైలట్ పిలిచి, చూసి, ఇక ఆగలేక విమానం ఎగరేసుకుని వెళ్లిపోయాడు.

ఊళ్లో కొట్టూ, విమానాల పనీ చూసుకునేది ఈడా అనే పెద్దావిడ, అక్కడి ఇనూపియాట్ తెగ మనిషి. "మంగళవారంది ఉంటే ఎక్కేవాడివి. ఎందుకో తీసేశారు" అందావిడ. ఎందుకో తనకూ తెలియనట్టే తలూపాడు. ఆవిడే అతనికి బడి లైబ్రరీలో పడక ఏర్పాటు చేసింది. కొట్లో పాలు లేవు, పసిపిల్లల డైపర్లు లేవు, ఉన్న అరటిపళ్లు నల్లబడ్డాయి. ఇంట్లో శనివారం నీసు ముట్టని మనిషి, శనివారమే ఈడా వండిన కారిబూ దుప్పి మాంసం పులుసు మారడిగి తాగాడు.

భార్య భవిత ఫోన్ చేసింది.

"మధ్యలో ఇంకో ఫ్లైట్ లేదా?"

"ఉండేది. క్యాన్సిల్ చేశారు."

"ఎవరా బుద్ధిలేని వాళ్లు?"

"సిగ్నల్ సరిగా లేదు భవితా, మళ్లీ చేస్తా."

శుక్రవారం దాకా చేయలేదు.

తిరిగొచ్చాక కౌశిక్‌కి కనువిప్పయిందనుకుంటే పొరపాటే. వారమంతా కస్టమర్ల మధ్య గడిపి వాళ్ల అవసరం కనిపెట్టానని ప్రెజెంటేషన్ ఇచ్చాడు. మంగళవారం విమానానికి కొత్త పేరు పెట్టి, కిరాయి పెంచి మళ్లీ వేయించాడు. ప్రమోషన్ వచ్చింది. తనంతట తానే అక్కడ ఆగిపోయానని కథ చెబితే, స్నేహితులు నోళ్లు తెరుచుకుని విన్నారు. భవిత మాత్రం ప్లేట్లు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

ఊళ్లో మంగళవారం మళ్లీ విమానం దిగుతోంది. ఈడా పాలపెట్టెలు దించుకుని, పెరిగిన ధరల చీటీలు అంటిస్తోంది. ధరలెందుకు పెరిగాయని ఎవరైనా అడిగితే, ఎవరో పెద్ద బుర్ర పెట్టి ఆలోచించారట అంటుంది.