పలుపు మార్చిన తర్వాత

ఎనభైల చివర్లో నంద్యాలలో మా ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. దానికోసం ఒక గదికి కొత్తగా రంగు వేయించారు, కిటికీలకు తెరలు కట్టించారు, చెప్పులు బయట విడిచి రమ్మన్నారు. మా ఇంటి దేవుడికి కూడా ఎప్పుడూ అంత మర్యాద జరగలేదు.

నేర్పడానికి హైదరాబాద్ నుంచి వచ్చినాయన ఒకరోజు రోల్‌బ్యాక్ గురించి చెప్పాడు. ఒక పని సగంలో ఉండగా కరెంటు పోయిందనుకోండి, కంప్యూటర్ ఆ సగం పనిని అలాగే వదిలెయ్యదు, మొత్తం చెరిపేసి మొదట ఎలా ఉండేదో అలా చేసి పెడుతుంది, అసలేమీ జరగనట్టే అన్నాడు. కరెంటు పోవడం సంగతి నంద్యాలవాళ్లకు ఇంకొకరు చెప్పాలా! అందరూ తలలూపారు. నాకు మాత్రం ఆ "ఏమీ జరగనట్టే" అన్న ముక్క దగ్గర ఒళ్లు మండింది. పాపం, ఆయన తప్పేమీ లేదు. ఆ మాట నేను అంతకుముందే ఒకసారి మా ఇంటి అరుగు మీద విన్నాను.

అది డెబ్భైల చివరి సంగతి. నేను నంద్యాలలో డిగ్రీ చదువుతూ, సెలవులకు ఆళ్లగడ్డ పక్కన మా ఊరికి వచ్చాను. మాకు కాలువ కింద కాస్త భూమి, ఒక జత ఎద్దులు ఉండేవి. రెండేళ్లుగా కాలువకు నీళ్లు సరిగా రాలేదు. అది చాలదన్నట్టు ప్రభుత్వం కాలువ నీళ్లకు రైతు కట్టే నీటి తీరువా పెంచింది. రాని నీళ్లకు పెంచిన తీరువా! ఆళ్లగడ్డ తాలూకా ఆఫీసు ముందు రైతులు బైఠాయించారు, బస్సులు ఆపారు. నాయన కూడా వెళ్లి వాళ్లతో కూర్చుని, గొంతు పోయేలా అరిచి వచ్చి, ఇక సేద్యం వద్దన్నాడు. భూమి గుత్తకిచ్చి ఎద్దులను అమ్మేస్తానన్నాడు.

ఆ రెండింటిలో ఒకటి మా ఇంట్లోనే పుట్టింది. ఈనిన వారానికే తల్లి చచ్చిపోతే, అమ్మ మేకపాలు, గంజి పట్టి దాన్ని బతికించింది. అది అమ్మ వెనకాలే ఇల్లంతా తిరిగేది. ఎద్దయి కాడి మోస్తున్నా, అమ్మ కొట్టంలోకి వస్తే చాలు, మోర ఎత్తి ఆమె కొంగు వెతికేది. దాన్నొక్కదాన్ని ఉంచమని అమ్మ అడిగింది.

"ఇంగో ఒంటెద్దును ఎవరు కొంటారు? పోతే జత పోవాల," అన్నాడు నాయన.

ఎద్దుల సంతలో బేరం తువాలు కింద వేళ్లతో జరుగుతుంది. ఆ బేరంలో ఎవరు ఎన్నిసార్లు వెనక్కి తగ్గినా కోపం చేసుకునేవాళ్లు ఉండరు. కానీ కొన్నవాడు తాను తెచ్చుకున్న కొత్త పలుపుతాడును ఎద్దు మెడకు కట్టాడంటే ఆ బేరం అయిపోయినట్టే. అమ్మినవాడు తన పాత పలుపు విప్పుకుని ఇంటికి తెచ్చుకోవాలి. ఆ తర్వాత ఎద్దు కుంటిదని వాడూ, ధర చాలలేదని వీడూ నోరెత్తకూడదు.

మా జతను నంద్యాలకు ఇవతల పల్లె రైతు కొన్నాడు. సాయంత్రం నాయన రెండు పాత పలుపులు భుజాన వేసుకుని బస్సు దిగాడు. వాటిని కొట్టంలో కొయ్యకు తగిలించి అరుగు మీద కూర్చున్నాడు. అప్పుడే ఎదురింటి రేడియోలో ప్రాంతీయ వార్తలు వచ్చాయి. పెంచిన తీరువాను ప్రభుత్వం ఉపసంహరించుకుందట, పాత తీరువానే కడితే చాలునట. వీధిలో ఒకటే కేకలు, ఈలలు. ఎదురింటాయన పరుగున వచ్చి నాయన భుజం చరిచాడు.

"ఇంగేముందన్నా, ఏమీ జరగనట్టే!"

అమ్మ వాకిట్లోకి వచ్చింది.

"గవర్మెంటంత గవర్మెంటే ఎనక్కి తీసుకునింది. నువ్వు పోయి అడిగితే ఏం పోతాది?"

"పలుపు మార్చినాక యాడ అడుగుతారే? ఇంగ సంతలో నా మొగం ఎవరు చూస్తారు?"

"నీ మొగమే నీకు ముఖ్యం!"

నాకూ అలాగే అనిపించింది. ప్రభుత్వానికి లేని సిగ్గు ఈయనకెందుకని నాయన మీద చాలా కోపం వచ్చింది.

కొన్నాళ్లకు, తెల్లారి లేచి చూస్తే అమ్మ పెంచిన ఆ ఎద్దు కొట్టం ముందు నిలబడి ఉంది. మెడలో తెగిన కొత్త పలుపు ముక్క వేలాడుతోంది. ఒళ్లంతా రోడ్డు దుమ్ము. అమ్మ ఏడ్చింది, నవ్వింది, కుడితి పెట్టింది. తర్వాత ఎవరూ చెయ్యని పని ఒకటి చేసింది. ఆ కొత్త ముక్కను విప్పి పారేసి, కొయ్యకున్న మా పాత పలుపు తెచ్చి దాని మెడకు కట్టింది. మా పలుపు ఉంటే అది మా ఎద్దని అర్థం. ఆ సంగతి తెలిసే కట్టింది.

ఊళ్లోకి పోయిన నాయన, ఎద్దును వెతుక్కుంటూ సైకిల్ మీద వచ్చిన ఆ రైతు ఇంచుమించు ఒకేసారి వాకిట్లోకి వచ్చారు. రైతు ఎద్దు మెడ చూశాడు.

"ఏందన్నా ఇది? పలుపు మార్చినారే. బేరం వద్దనుకున్నారా?"

నాయన ముఖం మాడిపోయింది. అమ్మే ముందుకు వచ్చింది.

"మేం తోలుకరాలేదప్పా. అదే వచ్చినాది. దాని జతను గూడా ఇచ్చేయ్. నీ దుడ్లు నీకిస్తాం."

ఆ రైతు అరవలేదు. అరిచి ఉంటే మాకు సులువుగా ఉండేది. అరుగు చివర కూర్చుని తువాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఇచ్చేస్తా వదినా, నాదేముంది. అయితే ఇయ్యి వచ్చినాయని నా పాత జతను అమ్మేసినా. అది కొన్నాయప్ప అవుకు ఊరి కాడ దున్నుకుంటాండాడు. ఇయ్యి మీకిచ్చి నేను కాడికి ఏం కట్టాల? ఆయప్పను పోయి అడగాల్నా? ఆయప్ప ఇంగెవరిని అడగాల?"

నాయన మీద నా కోపం అక్కడే చల్లారింది. ఆయన తన ముఖం గురించే ఆలోచించాడని అంతవరకూ అనుకున్నాను.

కంప్యూటర్ గదిలో నేను లేచి అడిగింది ఇదే. సగంలో ఉంటే సరే, పని పూర్తయి, దాన్ని నమ్ముకుని ఇంకొకరు ఇంకో పని చేసేస్తే? నేర్పేవాడు మంచివాడు, బుకాయించలేదు. అప్పుడిక చెరపడం కుదరదండీ, అక్కడినుంచి ముందుకే పోవాలి అన్నాడు. తీరువా పెంచినవాళ్లలో, తగ్గించినవాళ్లలో ఒక్కరైనా ఆ ప్రశ్న అడిగి ఉంటారా అని ఆ రోజంతా ఆలోచించాను. వాళ్ల రెండు ఉత్తర్వుల మధ్య మా ఊళ్లో ఎన్ని కొట్టాలు ఖాళీ అయ్యాయో ఏ ఉత్తర్వులోనూ రాసి ఉండదు.

ఎద్దు తిరిగొచ్చిన ఆ రోజు నాయనే పాత పలుపు విప్పాడు. రైతు తాను సైకిల్‌కు కట్టి తెచ్చిన మరో కొత్త పలుపు వేసి లాగాడు. ఎద్దు కదల్లేదు. నాయన అదిలించాడు, తోక మెలిపెట్టాడు. అది కాళ్లు తన్నిపట్టి నిలబడింది. అమ్మ ఇద్దరినీ పక్కకు జరగమని, కొంగు దులుపుకుని ఎద్దు ముందు నడిచింది. అది వెంటనే కదిలింది. దూడగా ఉన్నప్పటిలాగే మోర ఆమె కొంగుకు ఆనించి వెంట పోయింది. ఆ ఇద్దరు మగవాళ్లు సైకిల్ నెట్టుకుంటూ వెనక నడిచారు.

అమ్మ ఆ పల్లెదాకా నడిచింది. పొద్దుగూకాక నాయనతో కలిసి బస్సు దిగి, కాళ్లు కడుక్కుని, ఎవరూ అడగకుండానే నాతో చెప్పింది.

"ఈ తూరి నేనే గట్టిగా కట్టినా. ఇంగ తెంపుకోని రాదులే."