దగ్గు ఆగితే

మా పెరటి గదిలో అద్దెకుండే విజయ ముందు ఎవరూ దగ్గకూడదు. చాయ్ తాగుతూ నేను పొరపాటున దగ్గానా, చేతిలో చీపురు పడేసి పరుగెత్తుకొచ్చి నా ముఖంలోకి తొంగి చూస్తుంది. పెదాల రంగు మారిందేమోనని చూస్తుందట. నేను మళ్లీ మాట్లాడేదాకా అక్కడి నుంచి కదలదు. "బతికే ఉన్నా తల్లీ, పోయి ఊడ్చుకో" అని మొదట్లో విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు విసుక్కోవడం లేదు.

విజయది మహదేవపూర్ దగ్గర పల్లె. భర్త పోయాక కొన్నేళ్లు మిరప తోటల్లో కూలి చేసింది. తర్వాత తెలిసినవాళ్లు చెబితే జనగామ వచ్చి, ఊరి చివరనున్న వికలాంగుల వసతి గృహంలో ఆయాగా చేరింది. అక్కడుండేది పిల్లలు కాదు, ముప్పై నలభై ఏళ్ల మనుషులు. అయినా ఊళ్లో అందరూ "ఆ పిల్లలు" అనే అంటారు. గడ్డంలో తెల్ల వెంట్రుకలొచ్చిన ప్రదీప్ కూడా వీళ్లకు పిల్లాడే. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ప్రదీప్ పెద్దవంగర మనిషి. పుట్టినప్పుడే మెదడుకు దెబ్బ తగిలింది. చక్రాల కుర్చీలో ఉంటాడు. మాట రాదు గానీ అన్నీ అర్థమవుతాయి. టీవీలో నచ్చని పాట వస్తే తల తిప్పేసుకుంటాడు. అతని గొంతు మాత్రం అతని మాట వినదు. మింగిన మెతుకు కడుపులోకి పోకుండా ఊపిరి దారి పట్టొచ్చు. నిరుడు రెండుసార్లు నిమోనియాతో దవాఖానలో పడ్డాడు. అన్నం మెత్తగా పిసికి, నిటారుగా కూచోబెట్టి, కొంచెం కొంచెంగా పెట్టాలని, గట్టి ముక్క అడ్డం పడితే మనిషి దక్కడని డాక్టరు విజయకు గట్టిగా చెప్పి పంపాడు.

ఆ రోజు నుంచి విజయకు అన్నం వేళంటేనే దడ. తన కంచంలో చెయ్యి పెట్టినా మనసు ప్రదీప్ గొంతు మీదే. అతను దగ్గితే భయపడుతుంది, కానీ ఆ దగ్గు ఆగిపోతుందేమోనని అంతకు పదింతలు భయపడుతుంది. దగ్గుతున్నాడంటే ఊపిరి ఆడుతున్నట్టే లెక్క. చప్పుడు లేకుండా నోరు తెరిచి చూశాడంటే ఇక మన చేతిలో ఉన్నది కాసేపే.

అన్నిటికన్నా ఆమెకు అన్నదానం రోజులంటే హడలు. పుట్టినరోజులకూ వర్ధంతులకూ ఎవరో ఒకరు ఫ్లెక్సీ పట్టుకుని వచ్చేస్తారు. మనసు మంచిదే, కాదనను. కానీ వాళ్లకు తమ చేత్తో ముద్ద పెట్టాలని ఉంటుంది, ఆ ముద్ద ఫోటోలో పడాలని ఉంటుంది. గృహం నడిపే మనోరమ మేడం వద్దనలేదు. వాళ్లిచ్చే బియ్యం మీదే అక్కడ పొయ్యి వెలుగుతోంది మరి.

ఈ వానాకాలంలో టేకుమట్ల నుంచి వెంకట్రాం తన తండ్రిగారి సంవత్సరీకానికి భార్య సునందతో కలిసి వచ్చారు. పెద్ద భూములున్న కుటుంబం. బగారన్నం, పప్పుచారు, జిలేబీలు తెచ్చారు. సునంద జిలేబీ పట్టుకుని నేరుగా ప్రదీప్ కుర్చీ దగ్గరికే నడిచింది. విజయ అడ్డంగా నిలబడింది.

"ఈయనకొద్దమ్మా, మింగలేడు. పానం మీదికి వస్తది."

"అయ్యో, నాకు తెల్వదు" అని సునంద గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. పాపం, మరో మాట అనకుండా పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. విజయకు ఊపిరి తిరిగింది.

అప్పుడే ప్రదీప్ తండ్రి పోశాలు చేతిసంచితో లోపలికొచ్చాడు. కొడుకును చూడ్డానికి నెలకోసారి బస్సులో వస్తాడు. భార్య చనిపోయి ఒంటరివాడైపోయాకే కొడుకును ఇక్కడ చేర్పించాడు. వస్తూనే అందరి విస్తళ్లలోకీ చూశాడు, కొడుకు గిన్నెలోకీ చూశాడు. ముఖం ఎర్రబడింది.

"గిదేంది బిడ్డా? అందరికి బగారన్నం, జిలేబీలు. నా కొడుక్కు గీ పిసికిన ముద్దనా? నోరు లేనోడని గిట్ల పెడుతున్రా?"

"గట్టిది తింటే గొంతుల అడ్డం పడతది బాపు. డాక్టర్ చెప్పిండు."

"ఇంట్ల ఉన్నప్పుడు అన్నీ తిన్నడు. వాళ్లమ్మ మక్కగారెలు చేస్తే నములుకుంట తింటుండె."

"అప్పుడు తిన్నడు. ఇప్పుడు మింగుడు పడుతలేదు. నీ కాళ్లు మొక్కుత, ఏం పెట్టకు."

పోశాలు కాసేపు గొణిగాడు. తర్వాత కండువాతో ముఖం తుడుచుకుని "సరే బిడ్డా" అన్నాడు. కొడుకు పక్కన కూచున్నాడు గానీ ఒడిలో సంచిని మాత్రం వదల్లేదు. విజయకు ఎందుకో ఆ "సరే" మీద నమ్మకం కుదరలేదు.

ఇంతలో వరండాలోంచి మనోరమ మేడం పిలిచింది. "విజయా, ఫోటోకు రా! ఆయాలందరు ఉండాలంటున్నరు సారు."

"నేను రాను మేడం. ప్రదీప్ తింటున్నడు."

"వాళ్ల నాయిన ఉన్నడు గదా. ఒక్క నిమిషం."

ఒక్క నిమిషమే. భోజనాల గదిలో అంతమంది తింటూ ఉండగా, చూసుకోవాల్సిన ఆయాలందరూ ఫ్లెక్సీ ముందు వరుస కట్టారు. ఎవరి బుర్రకూ అది తప్పని తట్టలేదు. ఫోటో తీసేవాడు దగ్గరికి జరగమన్నాడు, నవ్వమన్నాడు. లోపల దగ్గు వినిపించింది. అది ప్రదీప్ దగ్గేనని విజయకు వెంటనే తెలిసింది. "కదలొద్దక్కా" అన్నాడు ఫోటోవాడు. ఇంకో దగ్గు. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు.

విజయ ఫ్లెక్సీని చీల్చుకుంటూ లోపలికి పరుగెత్తింది.

పోశాలు నవ్వుతున్నాడు. కొడుకు నెత్తి మీద మెల్లగా తడుతూ, పొలమారినవాళ్లకు మనందరం చెప్పే మాటే చెబుతున్నాడు. "మీ అమ్మ యాది చేస్తున్నట్టుంది బిడ్డా. గారెలు తినంగనే యాదికొచ్చినవ్. ఇగో, ఇన్ని నీళ్లు తాగు." ఇంకో చేతిలో నీళ్ల గ్లాసు ఉంది. సంచి తెరిచి ఉంది. ప్రదీప్ నోరు తెరుచుకుని ఉంది, చప్పుడు లేదు. పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగాయి. కళ్లు మాత్రం విజయ కోసం గుమ్మం వైపే ఉన్నాయి.

ఆమె గ్లాసును విసిరికొట్టింది. ప్రదీప్‌ను ముందుకు వంచి, ఛాతీకి ఒక చెయ్యి ఆనించి, రెండో అరచేత్తో వీపు మధ్యన బలమంతా పెట్టి కొట్టింది. మళ్లీ కొట్టింది. "నా కొడుకును కొడుతున్నవేందే!" అని పోశాలు ఆమె భుజం పట్టి లాగాడు. మోచేత్తో నెట్టేసి మళ్లీ కొట్టింది. గారె ముక్క ఊడి నేల మీద పడింది. ప్రదీప్ ఊపిరి పీల్చుకుని, వెంటనే బొంగురుగా ఏడ్చాడు. పోశాలు నేల మీది ముక్కను చూశాడు, కొడుకు పెదాలను చూశాడు. అప్పుడు గానీ అతనికి అర్థం కాలేదు. గోడకు చేరగిలబడి కూలబడ్డాడు.

దవాఖానలో చేర్చి ఆక్సిజన్ పెట్టారు. అక్కడి వరండాలో మనోరమ మేడం పోశాలుకు ఎదురొచ్చింది. "నీ కొడుకును ఇంటికి తోలుకపో పోశాలూ. రేపు ఏమన్నా అయితే నా మీదికొస్తది" అంది. ఫోటోకు పిలిచిన సంగతి ఎత్తలేదు.

"నేను గూడ మానేస్త మేడం" అంది విజయ. "నాకు భయమైతాంది. ఇంకోసారి గా నోట్లె ముద్ద పెట్టలేను."

పోశాలు లేచి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. "వాడు సచ్చిపోతాంటే నేను నవ్విన బిడ్డా. నాకు భయమే కాలే. నా ఇంటికి తోలుకపోతే వానికి నేనే యముణ్ణైత. భయపడెటోళ్ల దగ్గర్నే ఉండాలె వాడు. నువ్వు మానకు." చేతులు జోడించబోతే విజయ పట్టుకుని ఆపింది. సరేనని మాత్రం అనలేదు.

ప్రదీప్ బతికాడు. ఇంటికి తీసుకెళ్లమన్న మాటను మేడం వెనక్కి తీసుకుంది. అతను దవాఖాన నుంచి గృహానికి తిరిగొచ్చిన మధ్యాహ్నం విజయ నన్ను తోడు రమ్మంది. ఒంటరిగా ఆ గదిలోకి పోలేనంది. వెళ్లాను. ఆయాలెవరూ గది వదిలి పోవడం లేదు. మనోరమ మేడం కూడా స్టూలు వేసుకుని అక్కడే కూచుంది. పోశాలు ఒట్టి చేతులతో కిటికీ దగ్గర నిలబడ్డాడు.

విజయ పిసికిన అన్నం చెంచాతో తీసింది. ప్రదీప్ నోరు తెరవలేదు. పళ్లు బిగించాడు. ఇంకోసారి చెంచా దగ్గరికి తెస్తే కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు, మెడ నరాలు ఉబ్బాయి. మేమంతా మా భయం సంగతే మాట్లాడుకున్నాం గానీ, చావు దాకా వెళ్లొచ్చినవాడి భయం మాలో ఎవరికీ తట్టలేదు. నాకు సిగ్గేసింది.

విజయ చెంచా గిన్నెలో పెట్టేసి, అతని చేతి మీద చెయ్యి వేసింది.

"నాకు గూడ భయమైతాంది ప్రదీపూ. నువ్వు ఎప్పుడంటే అప్పుడే పెడుత. వద్దంటే ఊకుంట. ఎవ్వలు పిలిచినా లేవ."

అన్నం చల్లారిపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు. ప్రదీప్ తండ్రి వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు, చివరికి విజయ వైపు చూశాడు. అప్పుడు నోరు తెరిచాడు.