కలెక్టరు రక్తంలో చుక్కలు

ఆ రోజుల్లో ఎవరైనా "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగితే "డాక్టరు" అని చెప్పి ఊరుకునేదాన్ని. ఎక్కడి డాక్టరు, ఎవరి డాక్టరు అని గుచ్చి గుచ్చి అడిగితేనే ఆవులూ గేదెలూ బయటికొచ్చేవి. ఇంటర్న్‌షిప్ కోసం కొత్తగా తెల్లకోటు కుట్టించుకున్న పిల్లని, ఆ మాత్రం బిగువు ఉంటుంది కదా. (ఆ కోటు ఒక సైజు పెద్దది. ఎదిగే పిల్ల అని మా అమ్మ వదులుగా కుట్టించింది. చదువు అయిపోవచ్చిన వయసులో ఇంకా ఎటు ఎదుగుతాననుకుందో ఆవిడకే తెలియాలి.)

నన్ను కడియం దగ్గర ఒక చిన్న పశువుల ఆసుపత్రిలో వేశారు. అక్కడి డాక్టరుగారు నేను చేరిన రోజే నా చేతిలో గాజు స్లైడ్లు పెట్టి, రక్తంతో స్మియరు వెయ్యడం నేర్చుకోమన్నారు. చెప్పడానికి చాలా తేలికైన పని. స్లైడు మీద ఒక చివర చిన్న రక్తపు చుక్క పెట్టి, ఇంకో స్లైడుని ఏటవాలుగా దానికి ఆనించి, చుక్క అంచు పొడుగునా పాకగానే ఒక్క ఊపులో ముందుకి తోసెయ్యాలి. రక్తం నాలుక ఆకారంలో పలచగా పరుచుకోవాలి. ఆరాక రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే రక్తకణాలు విడివిడిగా కనిపిస్తాయి, వాటిలో జబ్బు తెచ్చే పురుగులుంటే అవీ ముదురు చుక్కల్లా కనిపిస్తాయి. నాకు మాత్రం ఒకసారి మధ్యలో తెగేది, ఇంకోసారి ముద్దకట్టేది. "పూతరేకులా రావాలమ్మా. దిబ్బరొట్టె వేశావేంటి?" అనేవారు డాక్టరుగారు, కోపం లేకుండానే. అలా వచ్చిన ప్రతి ఆవు రక్తంతోనూ, గేదె రక్తంతోనూ నేను దిబ్బరొట్టెలు వేస్తూనే ఉన్నాను.

ఒకరోజు ఆయన పిఠాపురం వైపు క్యాంపుకి వెళ్తూ ఆసుపత్రి నాకు అప్పజెప్పారు. ఆయన బండి అలా మలుపు తిరిగిందో లేదో, ఒక మామ్మ కోడిపుంజుని చంకలో పెట్టుకుని వచ్చింది. నర్సరీల్లో గులాబీలకి అంట్లు కడుతుంది కాబట్టి ఆవిడని అందరూ గులాబీ మామ్మ అనేవారు. వెనకాలే, ముందురోజే అత్తారింటికి వచ్చిన ఆవిడ అల్లుడుగారు కూడా వచ్చారు.

"మా కలెక్టరండీ," అంది మామ్మ, పుంజుని బల్ల మీద పెడుతూ. "ఇది కూస్తేనే నేను లేచి పనికెళ్ళేదండి. నిన్నట్నించి కూతా లేదు, మేతా లేదు. మా ఆయన పోయాక ఇంట్లో నాతో మాట్లాడేది ఇదొక్కటేనండి. ఎలాగైనా బతికించండి, పాపగారూ."

కలెక్టరు ఈకలు రేపుకుని, తల వాల్చేసి నిలబడింది. నేను దాన్ని తడిమి చూడనైనా లేదు. కోటు సర్దుకుని, రెక్క కింద నరంలోంచి ఒక చుక్క రక్తం తీసి స్లైడు మీద తోశాను. ఏమని చెప్పను, పూతరేకే! అంచు దాకా పలచగా, వంక పెట్టడానికి లేకుండా వచ్చింది. డాక్టరుగారు లేకుండా పోయారే అని బాధపడుతూ రంగు వేసి, కడిగి, ఆరబెట్టి మైక్రోస్కోపులోకి తొంగిచూశాను. ప్రతి కణంలోనూ నడిమధ్యన ముదురు ఊదారంగు చుక్క. స్లైడు ఎటు జరిపినా చుక్కలే. అంతవరకూ నేను ఆవుల రక్తంలో అలాంటి చుక్క ఒక్కటైనా దొరుకుతుందేమో అని కళ్ళు కాయలు కాచేలా వెతికినదాన్ని.

"ఒంట్లో ఒక్క మంచి కణం కూడా మిగల్లేదు, మామ్మగారూ," అన్నాను చాలా గంభీరంగా. "ఈ పూట గడవడం కష్టం."

మామ్మ పుంజుని మళ్ళీ చంకలోకి తీసుకుని కొంగుతో కప్పింది. అల్లుడుగారు మాత్రం ఒకడుగు ముందుకొచ్చి, "ఎలాగూ పోయేదే కదండీ. పులుసు పెట్టుకుంటే ఏమైనా ఇబ్బందా?" అని అడిగారు. నన్ను ఒకరు సలహా అడగడం అదే మొదలు. "బాగా ఉడికిస్తే ఫర్వాలేదండి," అన్నాను. (ఈ మాట ఏ పుస్తకంలో చదివానని మాత్రం అడక్కండి.)

వాళ్ళు వెళ్ళాక, పోలిక కోసం మంచి కోడి రక్తం కూడా చూద్దామనిపించి, ఎదురుగా టీకొట్టు వాళ్ళ పెట్టని బతిమాలి తెచ్చుకున్నాను. ఆ స్మియరు కూడా పూతరేకే. దాంట్లోనూ ప్రతి కణంలో చుక్క! వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేశాను.

"సార్, గులాబీ మామ్మ పుంజు మేత మానేసిందని చూస్తే, ఊళ్ళో కోళ్ళన్నిటికీ అంటుకుందండీ! టీకొట్టు పెట్టకి కూడా!"

"ఏం అంటుకుందమ్మా?"

"కణం కణంలోనూ ఉందండి. ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్కటి."

"నడిమధ్యలోనా?"

"అవునండీ. ఎంత చక్కగా కనిపిస్తున్నాయో!"

"అది కేంద్రకం, తల్లీ. ఆవులకీ మనకీ ఎర్రకణాల్లో ఉండదు. కోళ్ళకి ఉంటుంది. మొదటి సంవత్సరంలోనే చదువుకుని ఉంటావు."

చదువుకోవడమేంటి, పరీక్షలో బొమ్మ కూడా వేశాను.

"పోనీ, స్మియరు బాగా వచ్చిందా?" అన్నారాయన.

"చాలా బాగా వచ్చిందండి," అన్నాను ఏడుపు గొంతుతో.

"సంతోషం. ఇంతకీ కోడి మెడ కింద చెయ్యి పెట్టి చూశావా? ఎక్కడుంది అది?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు పులుసు. ఫోనైనా పెట్టెయ్యకుండా స్కూటీ ఎక్కాను. మామ్మ వాళ్ళ సందు మొదట్లోనే మొక్కలు ఎక్కించుకుంటున్న లారీ ఒకటి దారికి అడ్డంగా ఉంది. స్కూటీ అక్కడే పడేసి, ఆ వదులు కోటు కాళ్ళకి అడ్డం పడుతుంటే పరుగెత్తాను. మామ్మ పెరట్లో పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. అల్లుడుగారు కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. మామ్మ గుమ్మంలో కూర్చుని, ఒళ్ళో పుంజుని రెండు చేతులా పొదివి పట్టుకుని, "ఇంకాసేపు ఉండనియ్యి బాబూ, ఇంకాసేపు," అంటోంది.

"ఆగండి! అది కేంద్రకం!" అని అరిచాను.

"అది ఇంకా పెద్ద జబ్బాండీ?" అన్నారు అల్లుడుగారు, కత్తిపీట వదలకుండా.

ఆయనకి జవాబు చెప్పే ఓపిక లేక మామ్మ పక్కన కూలబడి కోడి మెడ కింద చెయ్యి పెట్టాను. తిన్నది ముందుగా చేరే మేత సంచి బిగిసిపోయి గట్టిగా తగిలింది. ఏం తిందని అడిగితే, నర్సరీలో మొక్కల సంచుల్లో నింపే కొబ్బరిపీచు పొట్టు దగ్గర రెండ్రోజులుగా తిరుగుతోందని చెప్పింది మామ్మ. ఆ పీచే లోపల ఉండ చుట్టుకుంది. డాక్టరుగారు ఫోన్లో చెప్తుంటే, చుక్క చుక్కగా నూనె పట్టించి, గోరువెచ్చటి నీళ్ళు తాగించి, నేనూ మామ్మా వంతులవారీగా సాయంత్రం దాకా దాని మెడ కింద మెల్లగా పిసుకుతూ కూర్చున్నాం. తప్పు చెప్పానని మామ్మతో ఒప్పుకున్నాను. "ఇప్పుడు చెయ్యి ఆపకండి, చాలు," అంది ఆవిడ. ఆ పూట అల్లుడుగారు వంకాయకూరతో సరిపెట్టుకున్నారు. సాయంత్రానికి మెడ కింద కొంచెం మెత్తబడింది కానీ, కలెక్టరు కళ్ళు మాత్రం తెరవలేదు. నా ఫోన్ నంబరు ఇచ్చి, ధైర్యం చెప్పడానికి ధైర్యం చాలక వచ్చేశాను.

మర్నాడు ఇంకా వెలుగు రాకముందే ఫోన్ మోగింది. "వినండి," అంది మామ్మ. ఏవో రెక్కల చప్పుళ్ళు. కాసేపటికి గీరుకుపోయిన గొంతుతో, మధ్యలో ఒకసారి ఆగి, మళ్ళీ ఎత్తుకుని, కూత పూర్తి చేసింది కలెక్టరు.

మంచం మీద కూర్చుని, ఫోన్ చెవికి ఆనించుకుని వెక్కి వెక్కి ఏడ్చిన ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కోడి కూస్తే ఎవరైనా ఏడుస్తారా? ఆ తర్వాత ఇన్నేళ్ళలో చాలా పశువులు నా చేతుల మీదుగా లేచి నిలబడ్డాయి. సంతోషించాను, చేతులు కడుక్కున్నాను, తర్వాతి కేసు చూసుకున్నాను. అంతగా పొంగిపోవడం మాత్రం మళ్ళీ చేతకాలేదు. ఇవాళైనా చేతనవుతుందేమో అని రోజూ ఆసుపత్రి తలుపు తీస్తూనే ఉన్నాను.