వైతికుప్పం అమ్మ పెట్టిన అన్నం

నా చిన్నప్పుడు మా రెడ్డియార్‌పాళయం వీధిలోకి కొన్నాళ్లపాటు చేపల బుట్టలు రాలేదు. బస్సులో సీటు దగ్గర మొదలైన మాట పెరిగి, మా వీధి మగవాళ్లకూ, సముద్రపు ఒడ్డున చేపలు పట్టే వైతికుప్పం కుర్రాళ్లకూ పెద్ద కొట్లాటైంది. అందులో మిల్లులో పనిచేసే మా చిన్నాయన కూడా ఉన్నాడు. ఆ తర్వాత చేపలమ్మే ఆడవాళ్లు మా వైపు రావడం మానేశారు, మావాళ్లు ఆ ఒడ్డుకు పోవడం మానేశారు. ఎవరు ఎవరిని కొట్టారో పిల్లలకు తెలియదు. వైతికుప్పం పేరెత్తితే భయపడటం మాత్రం నేర్చుకున్నాం.

మా పక్కింటి అక్క ఒక చిన్న సంఘంలో పనిచేసేది. పిల్లలకు చదువూ, వయసు వచ్చినవాళ్లకు చేతిపనులూ నేర్పిస్తే ఊళ్లు బాగుపడతాయని, కొట్లాటలు తగ్గుతాయని ఆ సంఘంవాళ్ల నమ్మకం. మా వీధిలో సాయంత్రం ట్యూషను, వైతికుప్పంలో చేపలు ఎండబెట్టుకునే సిమెంటు తిన్నెలు వాళ్ల చలవే. కొట్లాట తర్వాత అక్కకు ఒక ఆలోచన వచ్చింది. ఒక ఆదివారం మా వీధి పిల్లలం వైతికుప్పం ఇళ్లలో గడపాలి, మరుసటి ఆదివారం అక్కడి పిల్లలు మా ఇళ్లకు రావాలి.

అమ్మ ససేమిరా అంది. "బిడ్డను యాడికి పంపేది? ఏమన్నా అయితే ఎవురు దిక్కు?" అని అక్క మీద కేకలేసింది. మా అవ్వ మాత్రం, "పోనీవే, బిడ్డల మీద ఎవురికి పగ?" అంటూ నాకు జడ వేసి పంపించింది.

నన్ను చేపలమ్మే ఒకామె ఇంట్లో వదిలారు. ఆమెకు నా ఈడు కూతురుంది. పొద్దుటిపూటంతా ఇద్దరం ఒడ్డున గవ్వలు ఏరుకుంటూ, ఆరేసిన వలల మధ్య దాగుడుమూతలాడాం. మధ్యాహ్నం అన్నానికి లోపలికి వెళితే, గోడవారగా చాప మీద ఆ పిల్ల అన్న పడుకుని ఉన్నాడు. కుడిచేతికి పెద్ద కట్టు. ఏమైందని గుసగుసగా అడిగాను. రెడ్డియార్‌పాళయం మిల్లు మనిషి ఎవడో కొట్టాడని, వాడికి చెవిపోగు ఉందని ఆ పిల్ల తమిళంలో మామూలుగా చెప్పేసింది.

మా వీధిలో చెవిపోగున్న మగవాడు మా చిన్నాయన ఒక్కడే.

నేను ఎవరి ఇంటి పిల్లనో తెలిస్తే ఈమె ఏం చేస్తుందోనని తలుపు వైపు జరిగి కూర్చున్నాను. ఆమె మత్తి చేపల పులుసు వడ్డిస్తూ నా మొహంలోకి చూసింది. ఎదురుగా కూర్చుని, చేప విప్పి ముళ్లు తీసి, ఆ ముక్క నా అన్నంలో పెట్టి, "మెల్లగా తిను తల్లీ" అంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఏడ్చేశాను. అక్క నా తల నిమిరి, "నువ్వు ఎవురింటి బిడ్డవో ఆయమ్మకు తెలుసు. నేను వేరే ఇల్లు చూసినాను. ఆయమ్మే వద్దనింది. ఆ ఇంటి బిడ్డనే నా ఇంటికి తీసుకురా, ఆ ఇంట్లో ఒక్కరన్నా నా కొడుకును మనిషిగా చూడాల అనింది" అని చెప్పింది.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర అన్నీ చెప్పేశాను. చిన్నాయన సగంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మరుసటి ఆదివారం ఆ పిల్ల మా ఇంటికి రావలసిన రోజు. పొద్దున్నే చిన్నాయన చొక్కా తొడుక్కుని, "ఆ పాపను నేనే పోయి పిల్చుకొస్తా" అన్నాడు. నన్నూ వెంటబెట్టుకున్నాడు. ఆమె గుమ్మంలో నిలబడి ఆయన చెవిపోగు వంక చాలాసేపు చూసింది. ఆయన చేతులు జోడించి తప్పైపోయిందన్నాడు. సరేలే అని ఆమె అనలేదు. "నాకెందుకు? లోపల వాడున్నాడు, వాడికి చెప్పు" అని పక్కకు తప్పుకుంది.

ఆ అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. చిన్నాయన చాప పక్కన నేల మీద కూర్చుని, ఆ వీపుతోనే మాట్లాడాడు. మేం లేచేదాకా ఆ అన్న ఇటు తిరగలేదు. అయినా ఆమె కూతురి తల దువ్వి మాతో పంపించింది.

ఆ చేతికి వల లాగే బలం మళ్లీ రాలేదు. సంఘంవాళ్లు ఆ అన్నకు మోటార్ల మరమ్మతు నేర్పించి, దగ్గర్లోని మేట్టుపాళయంలో పని చూపించారు. చాలాకాలం చిన్నాయనే అతన్ని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని దింపి వచ్చేవాడు. మొదట్లో దారిపొడవునా ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకునేవారు కాదట. ఒకరోజు మా వీధి మలుపులో ఇద్దరూ ఏదో విషయానికి గట్టిగా వాదించుకుంటుంటే, మా అవ్వ విని, "అబ్బ, నోర్లు తెరిచినారు" అని సంతోషపడింది.

ఇప్పుడు నేనే మనవలున్నదాన్ని. సాయంత్రాలు ఆ సంఘం పిల్లలకు చదువు చెబుతుంటాను. నన్ను చెయ్యి పట్టి తీసుకెళ్లిన అక్కకూ, అన్నం పెట్టిన ఆ అమ్మకూ రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. ఆమెకు కోపం లేదని నేనెన్నడూ అనుకోలేదు. విరిగిన చేతితో కొడుకు మూరెడు దూరంలో మూలుగుతుంటే కోపం ఎక్కడికి పోతుంది? అది ఉండగానే నాకు అన్నం పెట్టింది. అందుకే ఎవరి మీదైనా నా మనసు మండినప్పుడు, అది చల్లారేదాకా ఆగను. ముందు వాళ్ల పిల్లల్ని పిలిచి నా పక్కన కూర్చోబెట్టుకుంటాను.