అయిపోయిందన్నాడు ఎరోస్ బాబాయి

ఎరోస్ బాబాయికి ఉన్న జబ్బు ఒక్కటే. ఏ జంటను చూసినా "అయిపోయింది" అంటాడు.

చేయీ చేయీ పట్టుకుని సంతకు వెళ్తున్న కొత్త దంపతులను చూసి అంటాడు. కూడలిలో ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పొట్లంలోని గుమ్మడి గింజలు కొరుక్కునే ఎనభై ఏళ్ల ముసలివాళ్లను చూసీ అంటాడు. ఒకసారి గోడ మీద ఒళ్లు రాసుకుంటున్న రెండు పిల్లుల్ని చూసి కూడా అన్నాడు. అదేమీ నోటికొచ్చినట్టు అనేయడం కాదు, దానికో పద్ధతుంది. ముందు బొడ్డులోంచి ఒక నిట్టూర్పు తీస్తాడు. తల అడ్డంగా రెండుసార్లు ఆడిస్తాడు. అప్పుడు మాట, మాట వెనకే గడువు. "అయిపోయింది. ఆర్నెల్లు." "అయిపోయింది. మహా అయితే ద్రాక్షలు కోసేదాకా."

ఈ మాట ఇంకెవరైనా అంటే నోటి దురుసు అనుకుని వదిలేయొచ్చు. ఈయనేమో స్వయానా ప్రేమ దేవుడు. ఉంటున్నదేమో థెస్పియెస్‌లో. ఒకప్పుడు గ్రీసు దేశంలో ఇంకెక్కడా లేనంతగా ఈయన్ని నెత్తిన పెట్టుకున్న ఊరది. గుడి పోయింది, ఉత్సవాలు పోయాయి, మొక్కేవాళ్లు పోయారు. దేవుడికి మాత్రం పోవడానికి చోటు లేక కూడలిలో చెప్పులు కుట్టే కొట్టు పెట్టుకున్నాడు. పూర్వం జనం నూనె పోసి దండం పెట్టిన బండరాయి ఇప్పుడు కొట్టు నడిమధ్యలో ఉంది. దాని మీద తోలు పరిచి సుత్తితో బాదుతాడు. మిగిలిన బంగారు బాణాలు విరగ్గొట్టి, పిడులు తొడిగి, తోలుకు చిల్లులు పొడిచే ఆరలు చేసుకున్నాడు. బంగారం మెత్తన కాబట్టి వారానికోసారి వంగిపోతాయి. అప్పుడూ "అయిపోయింది" అంటాడు. విల్లు మేకుకి వేలాడుతుంది, విల్లుకి బూట్ల తాళ్లు వేలాడతాయి. కోటు కింద గూనిలా కనిపించేది గూని కాదని ఊరందరికీ తెలుసు. ఏటా ఆగస్టులో ఈకలు రాలతాయి, వాటితో ఆయన భార్య ప్సిహీ దిండ్లు కుడుతుంది.

అలాగని దేవుడని ఎవరూ బెదిరిపోరు. వీధిలో ఒకాయన ఓడల్లో పనిచేసి దిగాడు, ఇంకొకాయన గనుల్లో పనిచేసి దిగాడు, ఈయన దేవుడిగా చేసి దిగాడు. అంతే.

కసాయి జకరియాస్‌కి పెళ్లయిన కొత్తలో బూట్లు బాగుచేయించుకోవాల్సి వచ్చింది. బాబాయి వాటిని బోర్లా తిప్పి, కళ్లజోడు పైకెత్తి చూశాడు.

"మడమలు లోపలివైపు అరిగాయిరా జకరియా."

"అయితే?"

"ఇంటికెళ్లేటప్పుడు కాళ్లు ఈడుస్తున్నావన్నమాట. అయిపోయింది. ఈస్టరు దాకా కూడా ఆగదు."

"ఏంటి ఆగనిది? బూటా?"

"నువ్వూ అరెతీ."

జకరియాస్ చేతిలోని మాంసం పొట్లం బండ మీదకి విసిరికొట్టాడు. "నా పెళ్లాంతో నేనుంటానో ఊడతానో చెప్పడానికి నువ్వెవడివయ్యా?"

"దానికి సంబంధించిన దేవుణ్ణి" అన్నాడు బాబాయి దీనంగా.

ఇది ముప్ఫై ఒకటో ఏడు. ప్రతి ఈస్టరుకీ జకరియాస్ దంపతులు మంచి బట్టలు కట్టుకుని, భుజాలు రాసుకుంటూ ఆ కొట్టు ముందు అటూ ఇటూ మూడుసార్లు నడుస్తారు. మూడోసారి అరెతీ గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి "ఉన్నాం!" అని అరుస్తుంది. "పై ఏడు చూద్దాంలే" అంటాడు బాబాయి తలెత్తకుండా.

చర్చిలో జరిగే పెళ్లిళ్లకు కూడా ఇదే వరస. ఫాదరు కొత్త జంటకు కిరీటాలు పెట్టి బల్ల చుట్టూ మూడుసార్లు తిప్పుతుంటే, జనం బియ్యం చల్లుతుంటే, వెనక స్తంభం దగ్గర్నుంచి ఆ గొంతు లేస్తుంది. "అయిపోయింది! ఏడాదిన్నర!"

ఆంథిమోస్ ఫాదరు ఒకసారి పట్టుకుని నిలదీశాడు. "నువ్వు పాత కొలువు వాడివి. నా కొలువులోకొచ్చి నోరెందుకయ్యా చేసుకుంటావు?"

"అలవాటు ఫాదరూ. మీరు కిరీటాలు పెట్టండి, నేను అయిపోయిందంటాను. ఎవరి పని వాళ్లది."

విచిత్రమేమిటంటే, బాబాయి పెట్టిన గడువుల్లో ఒక్కటీ నిజం కాలేదు. ఆయన అయిపోయిందన్న జంటలన్నీ తిట్టుకుంటూనో, గిన్నెలు విసురుకుంటూనో, ఊరి నిండా ఉన్నాయి. పాపం ముసలాయనకి పనితనం పోయిందని ఊరు తేల్చేసింది. ఒకే ఒక్కసారి, బడిపంతులు కూతురు తీవా పట్నం పళ్ల డాక్టర్ని చేసుకున్నప్పుడు, ఆ పిల్ల చక్కదనం చూసి కరిగిపోయి, "ఇది నిలుస్తుంది" అన్నాడు. దేవుడే చెప్పాడు కదా అని ఇద్దరూ నిశ్చింతగా ఉన్నారు. అంత నిశ్చింతగా ఉన్నారు గనకే ఏడాది తిరక్కుండా నిలువుటద్దం ఒకరు, దాని చట్రం ఒకరు పంచుకుని విడిపోయారు. అప్పట్నుంచీ ఊరికి ఒకటే సూత్రం: బాబాయి ఏదంటే దానికి తలకిందులు జరుగుతుంది.

ఈ సూత్రమే మెల్పో ప్రాణం మీదకొచ్చింది.

మెల్పో ఊళ్లో ఉత్తరాలు పంచే మనిషి. నలభై మూడేళ్లు. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసేటప్పుడు, పెళ్లికాని స్నేహితురాళ్ల పేర్లు ఆమె తెల్లజోళ్ల అడుగున రాస్తారక్కడ. విందులో ఆమె చిందులు ఆడి ఆడి అలిసిపోయాక తిప్పి చూస్తారు. ఎవరి పేరు ముందు చెరిగితే వాళ్లకి ముందు పెళ్లి. మెల్పో పేరు పదకొండు జతల కింద పడింది. పదకొండింటి మీదా చెక్కు చెదరలేదు. ఒక పెళ్లికూతురు కంకర మీద ఆరు గంటలు గెంతింది. ఏడు పేర్లు చెరిగాయి, ఒక మడమ ఊడింది, మెల్పో మాత్రం ఇప్పుడే రాసినట్టుంది.

"ఏం సిరాతో రాశారే?" అని అందరూ నవ్వారు. మెల్పో కూడా నవ్వింది. ప్రతిసారీ పెన్ను అందించింది ఆమే.

పెళ్లయ్యాక తెల్లజోళ్లు నల్లరంగు వేయించుకోవడానికి బాబాయి కొట్టుకే వస్తాయి. ఉత్తరాలు ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా మెల్పో ఊరికే అడిగినట్టు అడిగేది. "ఉందా బాబాయ్?"

"ఉందమ్మా." ఆ ఒక్క విషయంలో ఆయన నిట్టూర్చేవాడు కాదు, గడువు పెట్టేవాడు కాదు. జోడు తీసి పక్కన పెట్టేసేవాడు.

అలాంటి మెల్పోకి ప్రొకోపిస్ తగిలాడు. యాభై ఏళ్లవాడు. ఎలికోనాస్ కొండ మీద తేనెపెట్టెలు పెట్టుకుని, మనుషులతో మాటలు మర్చిపోయినవాడు. తన పేరున తనే రిజిస్టరు ఉత్తరాలు వేసుకోవడం మొదలుపెట్టాడు. సంతకం కావాలి కాబట్టి మెల్పో కొండెక్కి రావాల్సిందే. పందొమ్మిది ఉత్తరాలకు పందొమ్మిదిసార్లు ఎక్కింది. ఇరవయ్యోసారి ఆయాసపడుతూ, "అసలేముందయ్యా దీనిలో?" అంది.

"విప్పి చూడు."

తెల్లకాగితం. "ఏం రాయాలో తోచలేదు. నువ్వే రాయి" అన్నాడు ప్రొకోపిస్, తేనెటీగల వైపు చూస్తూ.

మెల్పో పెన్ను తీసి "సరే" అని రాసింది. అయినా రసీదు మీద సంతకం పెట్టించుకుంది.

ఆదివారం పెళ్లి. గురువారం పొద్దున్న తెల్లజోళ్లకి పట్టీ కుట్టించడానికి బాబాయి కొట్టుకొచ్చింది. "నాకు తెలుసులే బాబాయ్, మొహమాటపడకు. నువ్వు అనాల్సింది అనేయ్" అని నవ్వుతూ నిలబడింది.

బాబాయి జోడు తిప్పాడు. అడుగు ఖాళీగా ఉంది. రాయడానికి మెల్పోకి పెళ్లికాని స్నేహితురాళ్లెవరూ మిగల్లేదు మరి. ఆ ఖాళీని చాలాసేపు చూశాడు. నిట్టూర్పు రాలేదు, తల ఆడలేదు.

"బాగుంది" అన్నాడు.

"కుట్టా?"

"మీ ఇద్దరూ. నిలుస్తుందమ్మా."

మెల్పో గాల్లో తేలుతూ కసాయి కొట్టు దాకా వెళ్లింది. ఆ మాట అరెతీకి చెప్పింది. అరెతీ చేతిలో కత్తి కింద పడింది.

"నిలుస్తుందన్నాడా? సరిగ్గా విన్నావటే?"

"విన్నాను."

"ఒసే పిచ్చిదానా!" అరెతీ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. "అయిపోయిందే నీ బతుకు!"

మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది. ఆడవాళ్లు ఎవరో పోయిన ఇంటికి తెచ్చినట్టు మూతలు పెట్టిన గిన్నెలు పట్టుకుని మెల్పో ఇంటికి వచ్చారు. ప్రొకోపిస్ మేనత్త పెళ్లి మంచానికని తీసిన పక్కబట్టలు మళ్లీ పెట్టెలో సర్దేసింది. ఆంథిమోస్ ఫాదరంతటి వాడు కూడా, "పోనీ మంచి రోజు చూసి ఇంకోసారి అడిగితే?" అన్నాడు. ప్రొకోపిస్ కొండ దిగొచ్చి, గుమ్మంలో నిలబడి, టోపీ నలుపుతూ, "నా వల్లేమైనా పొరపాటా?" అని అడిగాడు. పదకొండు జతల కింద నలగని పేరు పన్నెండో జత దగ్గర నలిగిపోయిందనుకుని, మెల్పో శుక్రవారమంతా తలుపేసుకుని ఏడ్చింది. చచ్చినా పెళ్లి వద్దనే చెప్పేద్దామనుకుంది. చేసుకుని విడిపోవడం కన్నా అదే నయమనిపించింది.

శనివారం మధ్యాహ్నం బాబాయి ఇంటికి వెళ్లింది. ప్సిహీ పిన్ని ఈకల గుట్ట మధ్య కూర్చుని దిండు కుడుతోంది.

"మీ ఆయన నన్ను ముంచేశాడు పిన్నీ."

"ఏమన్నాడు?"

"బాగుందన్నాడు."

సూది ఆగిపోయింది. "అంత మాటన్నాడా!" ప్సిహీ ఈకలు పక్కకు నెట్టి చోటు చేసింది. "కూర్చో. మా పెళ్లయి ఎన్నేళ్లో తెలుసా నీకు?"

"ఎవరికి తెలుసు పిన్నీ!"

"నాకూ తెలీదు, మర్చిపోయాను. మా పెళ్లి విందులో మా అత్తగారు అందరి ముందూ లేచి నిలబడి, 'అయిపోయింది, నెల తిరగదు' అంది. అందాల దేవత కదా, ఆవిడ అందం గురించి విన్నావుగా, నోరు అంతకన్నా గొప్పది. ఈ మనిషితో వేగలేక నేను ఎన్నిసార్లు మూట కట్టానో! గడప దాకా వెళ్లేదాన్ని. ఆవిడ నవ్వు గుర్తొచ్చేది. తిరిగొచ్చి మూట విప్పేదాన్ని. ఇప్పటికీ ప్రతి ఆదివారం సైప్రస్ నుంచి ఫోను చేసి 'ఉన్నావా ఇంకా?' అంటుంది. 'ఉన్నాను అత్తయ్యా' అంటాను. ఇంకో వారానికి సరిపడా ఓపికొస్తుంది."

మెల్పో నోరు తెరుచుకుని వింటోంది.

"బాణం దెబ్బ ఈ రోజుల్లో రెండేళ్లు పనిచేస్తే ఎక్కువ. పంతం తుప్పు పట్టదు. అది ఈయన కనిపెట్టాడు. అందుకే ఆ మాట ప్రతివాళ్ల మొహానా పడేసి వస్తాడు. నటన కాదు మళ్లీ, నిజంగానే అయిపోతుందని దడ ఆయనకి. ఇంటికొచ్చి ఏడుస్తాడు. వాళ్లు తనని అబద్ధాలకోరును చేస్తారని ఎదురుచూస్తాడు. ఈస్టరుకి అరెతీ వచ్చి అరిచిపోయిన రోజున రెండు గుడ్లు ఎక్కువ తింటాడు."

"మరి నాకెందుకు బాగుందన్నాడు?"

"నీ పేరు చెరగని జోడు వచ్చిన ప్రతిసారీ భోజనం ముట్టలేదు మెల్పో. ఒకసారైతే తడిగుడ్డ పెట్టి తుడిచేయబోయాడు, దొంగపని చేయొద్దని నేనే చేయి పట్టుకున్నాను. నువ్వు మెత్తనిదానివట. ఆ మాట పడితే తట్టుకోలేవట. నీకు పంతం లేదట."

"నాకా?" మెల్పో లేచి నిలబడింది. ఈకలు గది నిండా ఎగిరాయి.

కొట్టు దాకా ఆగకుండా నడిచింది. ఉత్తరాల సంచీ తీసి బండరాయి మీద పడేసింది. "బాబాయ్, పదకొండు పెళ్లిళ్లలో నా పేరు రాయడానికి నేనే పెన్నిచ్చి, అది చెరక్కపోతే చప్పట్లు కొట్టి, పన్నెండోసారి నా జోళ్లు నేనే తెచ్చుకున్నాను. నాకు పంతం లేదంటావా? అను ఆ మాట!"

"నోరు రాదమ్మా."

"ఊళ్లో పిల్లులకిచ్చిన మర్యాద నాకివ్వవా?"

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పట్టీ కుట్టిన జోళ్లు ఆమె చేతిలో పెట్టాడు.

ఆదివారం చర్చి కిక్కిరిసిపోయింది. బియ్యం పిడికిళ్లలోనే ఉంది, ఎవరూ చల్లడం లేదు. అందరి చెవులూ వెనక స్తంభం మీదే. ఫాదరు కిరీటాలు పెట్టాడు. మొదటి చుట్టు తిప్పాడు. నిశ్శబ్దం. రెండో చుట్టు. ఎవరో దగ్గారు, అరెతీ వాళ్ల డొక్కలో పొడిచింది. మూడో చుట్టు దగ్గర ఫాదరు అడుగులో అడుగు వేయసాగాడు. చివరి మూల తిరగాల్సి ఉంది. ఫాదరు ఆగి, స్తంభం వైపు కళ్లురిమి, "ఏమయ్యా, ఎవరి పని వాళ్లది అన్నావుగా!" అన్నాడు.

స్తంభం వెనక నుంచి ఒక నిట్టూర్పు లేచింది. కొవ్వొత్తులు రెపరెపలాడాయి.

"అయిపోయింది!" అన్నాడు బాబాయి. "నాలుగు నెలలు!"

చర్చి కప్పు ఎగిరిపోయేలా కేకలు. బియ్యం వానలా కురిసింది. రెండు నెలలకొకసారి నోరు విప్పే ప్రొకోపిస్ వెనక్కి తిరిగి, "నాలుగు నెలలేంటి? ఎవడు చెప్పాడు? రండి, చూద్దాం!" అని అరిచాడు.

కూడలిలో ఆట మొదలవబోతుంటే మెల్పో కుర్చీలో కూర్చుని, కుడి జోడు విప్పి, పెన్ను అడిగింది. ఖాళీగా ఉన్న అడుగు మీద పెద్ద అక్షరాలతో "అయిపోయింది" అని రాసింది. తొడుక్కుని ఆటలోకి దిగింది.

నాలుగు నెలల తర్వాత, జనవరి చలిలో, నల్లరంగు వేయించడానికి ఆ జోళ్లు కొట్టుకొచ్చాయి.

"ఉన్నాం బాబాయ్."

ఆయన కుడి జోడు తిప్పాడు. కళ్లజోడు పెట్టాడు, తీశాడు, వెలుతురు దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక్క అక్షరం మిగల్లేదు.

"పనికిమాలిన సిరా" అని చాలాసేపు ముక్కు చీదుకున్నాడు. తర్వాత బొడ్డులోంచి నిట్టూర్చి, తల రెండుసార్లు ఆడించాడు. "అయిపోయింది. ఈస్టరు దాకా."

మెల్పో సంచీలోంచి పెన్ను తీసి చేతికిచ్చింది. "ఈసారి నువ్వే రాయి బాబాయ్. కాస్త పెద్దగా."