ఒంటిగంట దెబోరమ్మ

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా మదనపల్లెలో మనిషన్నవాడు మేలుకొని ఉండకూడదని దెబోరమ్మ నమ్మకం. అందుకే మా వీధిలో ఆమెను ఒంటిగంట దెబోరమ్మ అంటారు. ఆమె ఎదుట మాత్రం అనరు. ఒంటిగంట దాటితే అసలు ఎవరూ ఏమీ అనరు.

ముప్పై నాలుగేళ్లు పిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాక, ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే పని పెట్టుకుంది. ఉద్యోగాలకు పోయే తల్లులు ఎనిమిదిమంది పిల్లల్ని పొద్దున అక్కడ దించి, సాయంత్రం తీసుకుపోతారు. ఆ ఇంటిని ఆనుకునే నా పిండిమిల్లు. పిల్లలొచ్చిన మొదటిరోజే నా పని అయిపోయింది.

"వినోదూ, ఒంటిగంటకు ఈ మిషను ఆపాల."

"అమ్మా, మిరపకాయలు పట్టించేవాళ్లు వచ్చేదే మధ్యాహ్నం కదా."

"వాళ్లనీ పండుకోమను."

ఆపాను. ముప్పై నాలుగేళ్లు సూదులు వేసిన చేయి నడుం మీద పెట్టుకుని నిలబడితే ఎవరైనా ఆపుతారు.

తర్వాత వీధి వంతు. పన్నెండున్నరకల్లా కుక్కర్ల కూతలన్నీ అయిపోవాలి. మైకులో కూరగాయలమ్మే ఆటో మా మలుపు దగ్గర మైకు ఆపేసి, కిటికీల దగ్గరకొచ్చి "టమాటా కావాలామ్మా" అని గుసగుసలాడి పోవాలి. కొత్త జంట ఒకటి పెద్దగా పోట్లాడుకుంటుంటే తలుపు కొట్టి, "మూడింటికి మొదలుపెట్టుకోండప్పా" అని చెప్పి వచ్చింది. మూడింటికి వాళ్లకు కారణం గుర్తురాలేదు.

చర్చి అయ్యగారు కొత్త స్పీకర్లు తెప్పించి ఒంటిగంటన్నరకు పరీక్ష చేయబోతే అక్కడికీ పోయింది. "అయ్యగారూ, దేవుడు మైకు లేకున్నా వింటాడు. మా పిల్లోళ్లు మాత్రం మైకుంటే లేస్తారు" అంది. అయ్యగారు వైరు పీకేశారు.

ఎన్నికలప్పుడు ఒక అభ్యర్థి డప్పులతో వచ్చాడు. ఆమె వీధి మొదట్లో నిలబడి నోటి మీద వేలు పెట్టింది. డప్పులు ఆగిపోయాయి. ఆయన చెప్పులు చేతబట్టుకుని, ఇంటింటికీ దండాలు పెడుతూ, ఒక్క మాట కూడా మాట్లాడకుండా వీధి చివరిదాకా నడిచాడు. మా వీధిలో ఒక్క హామీ కూడా ఇవ్వని అభ్యర్థి ఆయనొక్కడే. ఓట్లన్నీ ఆయనకే పడ్డాయి.

ఇంతమందిని లొంగదీసిన దెబోరమ్మ చివరికి రెండున్నరేళ్ల చార్వి దగ్గర చిక్కుకుంది.

చార్వి తల్లి మమత నిమ్మనపల్లె గ్రామ సచివాలయంలో ఉద్యోగి. తండ్రి ఉమాపతి కుప్పంలో టీచరు, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లిపోతాడు. చార్వి మిగతా అన్నింటిలో బంగారు బొమ్మ. చాప మీద పడుకోబెట్టగానే మాత్రం లాయరు. మిల్లు ఆగి ఖాళీగా ఉంటాను కాబట్టి, అరుగు మీద కూర్చుంటే కిటికీలోంచి ఆ వాదోపవాదాలన్నీ నాకు కనబడేవి, వినబడేవి.

"అవ్వా, నీళ్లు."

"తాగితివి కదా. పండుకో."

"అవ్వా, ఫ్యాను యాల పండుకోదు?"

"నువ్వు పండుకుంటే అదీ పండుకుంటాది."

"అది తిరగకుంటే ఉడుకు కదా."

దెబోరమ్మ దాన్ని అటుపక్కకు తిప్పి పడుకోబెట్టింది. కాసేపటికి మళ్లీ మొదలు.

"అవ్వా, నిద్ర యాడుండాది?"

"కండ్లల్లో ఉండాది. మూస్తే వస్తాది."

చార్వి పక్కన నిద్రపోతున్న పిల్లవాడి కనురెప్ప రెండు వేళ్లతో ఎత్తి చూసింది. "ఈడ లేదే" అంది. వాడు లేచి ఏడ్చాడు. వాడి ఏడుపుకు మిగిలిన ఆరుగురూ లేచారు.

ఇంకోరోజు దెబోరమ్మ జోకొడుతుంటే చార్వి ఎదురు జోకొట్టింది. పది నిమిషాల్లో దెబోరమ్మ గురక పెట్టింది. చార్వి చాప చాపకూ పోయి, "అవ్వ పండుకొనింది, లెయ్యండి" అని అందరికీ శుభవార్త చెప్పింది.

ఆ సాయంత్రం దెబోరమ్మ మమతను వాకిట్లోనే ఆపింది.

"ఇది పండుకోకుంటే మిగతావాళ్లకీ నిద్రల్లేవు. ఈ వారంలో దారికి రాకుంటే వేరే చోటు సూసుకో తల్లీ."

మమత ఆమె చేయి పట్టుకుంది. "వేరే యాడుండాదమ్మా? దీన్ని ఎత్తుకొని సర్వేలకు పోలేను. గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టి వస్తాను. నేను పక్కనుంటే పండుకుంటాది."

గురువారం పన్నెండుముప్పావుకు మమత నిమ్మనపల్లె బస్సు దిగి పరుగున వచ్చింది. మెడలో ఐడి కార్డు కూడా తీయకుండా చార్వి పక్కన వాలింది. "పండుకో నాన్నా, మా బంగారు కదా" అని రెండుసార్లు అన్నది వినబడింది. మూడోసారి వినబడలేదు.

కాసేపటికి దెబోరమ్మ తలుపు చప్పుడు కాకుండా తీసుకుని బయటికొచ్చింది. చంకలో చార్వి. కళ్లు రెండూ గోళీల్లా మెరుస్తున్నాయి.

"ఏమ్మా, టైము ఒకటింపావు. పాప మేలుకొనుండాదే?" అన్నాను.

"గమ్మునుండప్పా. వాళ్లమ్మ పండుకొనింది."

ఒంటిగంట తర్వాత మేలుకొని ఉన్న మనిషితో దెబోరమ్మ ఆడుకోవడం నేను చూసింది అదే మొదటిసారి. గోడ మీద చీమలు లెక్కపెట్టారు. నా మిల్లులో తవుడు ముట్టుకుని చూశారు. అంతా గుసగుసలే.

మూడయింది. నేను స్విచ్చు దగ్గరికి పోయాను. ఆమె అడ్డంగా నిలబడింది.

"ఇంకా టైము కాలేదు."

"మూడు కొట్టిందమ్మా."

"నీ గడియారం తప్పు."

ఆమె చేతి గడియారంలోనూ మూడే అయింది. పిల్లలు లేస్తుంటే ఒక్కొక్కరినే పెరట్లోకి పంపించింది. రాగులు పట్టించడానికి వచ్చిన రాములమ్మ మాత్రం ఊరుకోలేదు.

"నా రాగులకూ నిద్ర కావాల్నా ఏమప్పా? ఎంతసేపు కూసోవాల?"

దెబోరమ్మ వేలితో కిటికీ చూపించింది. రాములమ్మ తొంగి చూసింది. మమత నోరు తెరుచుకుని, ఐడి కార్డు చెంపకింద నలిగిపోతుండగా, కూతురి చిన్న దిండు కావలించుకుని పడుకుని ఉంది.

"దినామూ నాలుగ్గంటలకే లేస్తాదంట" అంది దెబోరమ్మ. "రాత్రి దీంతో జాగారం. పొద్దున రాగానే ఆ పిల్ల కండ్లు సూస్తే తెలియదా నాకు? ఉత్తగా సెలవు పెట్టి పండుకోమంటే వింటాదా?"

రాములమ్మ రాగుల సంచి మీదే చప్పుడు లేకుండా కూర్చుంది.

నాలుగుముప్పావుకు మమత ఉలిక్కిపడి లేచి, జుట్టు సర్దుకుంటూ బయటికొచ్చింది.

"పాప పండుకొనిందా అమ్మా?"

"బాగా పండుకొనింది" అంది దెబోరమ్మ, కన్నార్పకుండా.

"లేదు," అంది చార్వి. "అమ్మే పండుకొనింది. నేనూ అవ్వా గమ్మునుంటిమి."

మమత సిగ్గుతో తలొంచుకుంది. దెబోరమ్మ పట్టించుకోలేదు.

"సూస్తివా, నువ్వొస్తేనే పనయితాది. నెలకొక గురువారం రావాల. రాకుంటే నేనొప్పుకోను."

వేరే చోటు మాట మళ్లీ ఎత్తలేదు. నెలకొక గురువారం నా మిల్లు అయిదింటికి గానీ తిరగదు. చార్వి మాత్రం ఇంతవరకు ఒక్క మధ్యాహ్నం కూడా నిద్రపోలేదు.